చివరి కుళాయిలో క్లోరిన్ ఉందా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వంకలు పారతాయి, గుంతలు నిండుతాయి. వాటి వెంటే వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు మొదలవుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు తాగునీటి గురించే. అందుకే పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మాకు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మొదటి పది నిమిషాలు మసగ్గా, కొంచెం మురుగు వాసనతో వస్తాయి. తర్వాత తేటబడతాయి. తేటబడ్డాక పట్టుకుంటే సరిపోతుందా?
— గృహిణి, కొర్లగుంట, తిరుపతి

సరిపోదు. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేవని కాదు. ఆ మొదటి పది నిమిషాల నీళ్లను బట్టి మీ ఇంటికి దగ్గర్లోనే ఎక్కడో పైపుకు చిల్లి ఉందని, దాని పక్కనే మురుగు ఉందని అనుకోవాలి.

కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా శుద్ధి చేసే చోట క్లోరిన్ కలిపే పంపుతారు. చెడిపోయేది ఎక్కువగా దారిలోనే. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లి ఉన్నా నీళ్లు బయటికి కారతాయే తప్ప బయటివి లోపలికి రావు. సరఫరా ఆపగానే పల్లంలో ఉన్న ఇళ్లవైపు నీళ్లు జారిపోయి పైపు లోపల పీల్పు పుడుతుంది. అప్పుడు చిల్లి చుట్టూ ఏముంటే అది లోపలికి పోతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగే మొదట మీ బిందెలోకి వస్తుంది. రోజంతా నీళ్లుండే పైపుకు ఈ బాధ తక్కువ. ఆపి ఆపి వదిలే ఊళ్లలోనే ఎక్కువ.

కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు దీన్ని ఇంకా పెంచుతున్నారు. మోటారు లాగే పీల్పు ఆ ఇంటితో ఆగదు. వీధి పైపులో చిల్లి ఎక్కడుంటే అక్కడి మురుగును లోపలికి గుంజుతుంది. లాగేవారి సంపులోకీ అదే చేరుతుంది. కుళాయి నీళ్లు వాటంతటవే సంపులో పడాలి, సంపు నుంచి మిద్దె మీదికి మాత్రమే మోటారు పెట్టాలి. సంపులో పడే పైపు కొస ఎప్పుడూ నీటిమట్టానికి జానెడు పైనే ఉండాలి. నీళ్లలో మునిగి ఉంటే సరఫరా ఆగినప్పుడు సంపు నీళ్లు వెనక్కి వీధి పైపులోకి పోతాయి.

చిల్లి ఎక్కడుందో కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. నీళ్లు వదిలిన వెంటనే పక్కిళ్లలో ఒక్కో పారదర్శకమైన సీసా పట్టించండి. మీ ఇంట్లో మాత్రమే మసక ఉంటే లోపం మీ ఇంటి పైపుదే. ఒక ఇంటి నుంచి అవతలి వాళ్లందరికీ ఉంటే వీధి పైపుది. క్లోరిన్ పరీక్ష కిట్టు దొరికితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వరసగా ఇళ్లలో చూసుకుంటూ పోతే ఏ రెండిళ్ల మధ్య క్లోరిన్ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే తవ్వించాలి.

మీ ఇంటి పైపుదే లోపమైతే ముందు సైడు కాలవ దాటే చోటు చూడండి. ఇనుప పైపు మరలు తిప్పిన జాయింటు దగ్గర బయటి నుంచి తుప్పు పడుతుంది. అక్కడ సైకిలు ట్యూబు చుట్టి కట్టడం మరమ్మతు కాదు, నీళ్లు ఆగిన మరుక్షణం అది పీలుస్తూనే ఉంటుంది. కాలవ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా జాయింటు లేకుండా ఒకే ముక్క హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయించి, దాన్ని ఇంకొంచెం లావు పైపులోంచి దూర్చి, కాలవ నీటిమట్టానికి పైగా పోనివ్వాలి. ఒత్తిడి తక్కువని గుంత తవ్వి కుళాయి కిందికి దించి ఉంటే ఆ గుంత పూడ్చేయండి. వాన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు అందులో నిలిచి కుళాయి మూతి మునిగితే మురుగు లోపలికి పోవడానికి వేరే చిల్లి అక్కర్లేదు.

వీధి పైపుదైతే వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా అని రాసి సీసా కూడా చూపించండి. ‘నీళ్లు బాగాలేవు’ అని ఒక్క ముక్క రాస్తే ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు.

బాగయ్యేదాకా మొదటి నీళ్లు వదిలేసి, తేట నీళ్లు పట్టి, తెర్లబెట్టుకుని తాగండి. అడుగున బుడగలు రావడం చాలదు. నీళ్లంతా తెర్లుతూ ఒక నిమిషం ఉండాలి. చల్లారాక మూత పెట్టి అదే పాత్రలో ఉంచండి. వేరే బిందెలోకి వంచి, చెంబు ముంచి, వేళ్లు తగిలితే కాచిన పని వృథా. పొడుగు కాడ గరిటె గానీ కుళాయి ఉన్న పాత్ర గానీ వాడండి.

ప్రశ్న: మా పంచాయతీ ఓవర్‌హెడ్ ట్యాంకు 60 వేల లీటర్లు. బ్లీచింగ్ పౌడర్ రోజూ వేస్తున్నాను. ట్యాంకు దగ్గరి ఇళ్లవాళ్లు మందు వాసన అని తిడుతున్నారు. చివర ఉన్న కాలనీలో మాత్రం పరీక్ష చేస్తే క్లోరిన్ లేదంటున్నారు. ఎంత వేయాలి?
— పంపు ఆపరేటరు, పూతలపట్టు మండలం

మీ ప్రశ్నే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఎంత పౌడర్ వేశామన్నది లెక్క కాదు. చివరి కుళాయిలో ఎంత క్లోరిన్ మిగిలిందన్నదే లెక్క. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ (వేరేవాటితో కలిసిపోనిది) మిగలాలి. వైరస్‌ల నుంచి కూడా రక్షణ కావాల్సినప్పుడు, అంటే కామెర్లు, విరేచనాలు ఉన్న ఊళ్లో, కనీసం 0.5 ఉండాలి. ట్యాంకు కింది కుళాయిలో 0.5 నుంచి 1 మధ్య ఉంచుకుంటే చివర 0.2 నిలబెట్టడం సాధ్యమవుతుంది.

నీళ్లలోని మట్టి, ఇనుము, చెత్త ముందు కొంత క్లోరిన్‌ను తినేస్తాయి. మిగిలిందే క్రిముల మీద పనిచేస్తుంది. అందుకే ఈ ఊరి లెక్క ఆ ఊరికి కుదరదు, ఎండాకాలపు లెక్క వానాకాలానికి కుదరదు. మీ నీళ్లకు ఎంత కావాలో ఇలా తేల్చండి.

మీ దగ్గరున్న బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు తూచి లీటరు నీళ్లలో బాగా కలిపి పక్కన పెట్టండి. సున్నం అడుక్కు దిగాక పైన తేట నీళ్లుంటాయి. నాలుగు ప్లాస్టిక్ బక్కెట్లలో ట్యాంకుకు ఎక్కే నీళ్లే తలా 10 లీటర్లు పట్టండి. సూది లేని సిరంజితో మొదటిదానిలో 1 మి.లీ., రెండోదానిలో 2, మూడోదానిలో 3, నాలుగోదానిలో 4 మి.లీ. తేట కలపండి. మూత వేసి అరగంట ఆగి అన్నిటినీ పరీక్షించండి. ఏ బక్కెట్టులో మొదటగా 0.5కు తగ్గకుండా కనిపిస్తుందో ఆ బక్కెట్టులో వేసిన మి.లీ. అంకెను మూడుతో గుణించండి. వెయ్యి లీటర్లకు అన్ని గ్రాముల పౌడర్ కావాలి. మూడో బక్కెట్టయితే వెయ్యి లీటర్లకు 9 గ్రాములు, మీ 60 వేల లీటర్లకు 540 గ్రాములు. ఇందులో ఒక మేలుంది. పౌడర్ పాతబడి బలం తగ్గినా ఆ తగ్గుదల ఈ పరీక్షలోనే తేలిపోతుంది, విడిగా లెక్క వేయక్కర్లేదు. కొత్త మూట విప్పినప్పుడు, వాన పడి నీళ్ల రంగు మారినప్పుడు మళ్లీ చేయండి.

పొడిని పొడిగానే ట్యాంకులో కుమ్మరించడం మనవైపు చాలాచోట్ల చూస్తున్న తప్పు. ముద్దలు అడుక్కు దిగి, సున్నం పేరుకుని, ఒకచోట ఘాటు, ఇంకోచోట సున్నా అవుతుంది. బక్కెట్టుకు 100 గ్రాములకు మించకుండా తీసుకుని, కొంచెం నీళ్లతో పేస్టులా మెదిపి, ముప్పావు బక్కెట్టు నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు ఆగి, పైతేట మాత్రమే ట్యాంకులో పోయండి. అడుగు సున్నాన్ని బయట గుంతలో పారేయండి. ట్యాంకు పావు వంతు నిండాక పోస్తే పైనుంచి పడే నీళ్లే కలుపుతాయి. నిండాక అరగంట ఆగి వాల్వు తిప్పాలి. పైన నీళ్లెక్కుతుండగానే కింద వదిలితే కలవని నీళ్లు పోతాయి. మీ దగ్గరి ఇళ్లకు వాసన, చివరి వాళ్లకు సున్నా రావడానికి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు.

రెండో సగం పైపులది. చివర మూసి ఉన్న లైన్లలో నీళ్లు నిలిచి, గోడలకు జిగురు పట్టి, అది క్లోరిన్‌ను తింటూ ఉంటుంది. లైను చివర కడిగే వాల్వు ఉంటే వారానికోసారి పూర్తిగా తిప్పి తేట నీళ్లొచ్చేదాకా వదలండి. వాల్వే లేకపోతే పెట్టించమని గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరును అడగండి. వాల్వు గుంతల్లో నీళ్లు నిలవనీయకండి. కడిగాక కూడా చివర సున్నా ఉంటే మధ్యలో మురుగు కలుస్తోందేమో వెతకాలి. అప్పుడు పౌడర్ పెంచుకుంటూ పోవడం జబ్బును దాచిపెట్టడమే.

పరీక్షకు చాలాచోట్ల ఇంకా ఆర్థోటోలిడిన్ చుక్కలే వాడుతున్నారు. అవి వేసిన పది సెకన్లలోపు పసుపు రంగు పోల్చుకోవాలి. ఆలస్యమైతే వేరేవాటితో కలిసిపోయిన, బలం తక్కువైన క్లోరిన్ కూడా రంగునిచ్చి ఎక్కువ చూపిస్తుంది. ఆ ద్రావకం ఒంటికి మంచిది కాదు, చేతులకు తగలనీయకండి, పరీక్షించిన నీళ్లు ఎవరూ తాగకూడదు. డీపీడీ మాత్రల కిట్టు మేలు. అందులో గులాబీ రంగు వస్తుంది. వాసన ఘాటుగా ఉండి రంగు రాకపోతే క్లోరిన్ లేదని కాదు, మరీ ఎక్కువై రంగును కూడా విరిచేసిందని. క్లోరిన్ లేని నీళ్లతో పది రెట్లు పలచన చేసి మళ్లీ చూసి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

పౌడర్ మూటను పంపు గదిలో స్టార్టరు పక్కన పెట్టకండి. దాని ఆవిరికి కరెంటు కాంటాక్టులు తుప్పు పడతాయి, మోటారు వేడికి పౌడర్ చస్తుంది. నీడగా, తడి లేనిచోట, చెక్క మీద, మూతి బిగించి ఉంచాలి. తాజా పౌడర్‌లో సుమారు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. తెరిచి పెట్టిన మూటలో నెలనెలా తగ్గుతుంది. మరుగుదొడ్డి యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, ప్రాణం తీసే విషవాయువు పుడుతుంది.

వాసన అని తిట్టేవాళ్లకు ఓపిగ్గా చెప్పండి. పట్టిన నీళ్లను శుభ్రమైన పాత్రలో పలచని గుడ్డ కప్పి కాసేపు ఉంచితే వాసన చాలావరకు పోతుంది. జనం తిట్టారని పౌడర్ మానేసిన ఊళ్లలోనే విరేచనాలు ముందు మొదలవుతాయి.

ప్రశ్న: క్యాన్ నీళ్లు తాగుతున్నాం. మీటరు పెడితే టీడీఎస్ 40 చూపిస్తోంది. మునిసిపల్ నీళ్లలో 400 ఉంది. క్యాన్ నీళ్లే శుద్ధం కదా?
— ప్రైవేటు ఉద్యోగి, చిత్తూరు

టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులను కొలుస్తుంది, క్రిములను చూడలేదు. 40 ఉన్న నీళ్లలో టైఫాయిడ్ క్రిమి ఉండొచ్చు, 400 ఉన్న నీళ్లు నిక్షేపంగా ఉండొచ్చు. మన ప్రమాణం ప్రకారం 500 దాకా మంచివే. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా అనుమతి ఉంది.

క్యాన్ నీళ్లు ఆర్వో యంత్రంలో, అంటే సన్నని పొరతో ఉప్పులను వడగట్టే యంత్రంలో వస్తాయి. ఆ పొరకు క్లోరిన్ పడదు. అందుకే ముందే బొగ్గు ఫిల్టరుతో తీసేస్తారు. అంటే క్యాన్‌లోకి వచ్చే నీళ్లకు ఏ కాపలా ఉండదు. ఆ తర్వాత ప్లాంటు తొట్టి, పట్టే గొట్టం, సరిగా కడగని క్యాను, మూత తీసే చెయ్యి, ఎక్కడ క్రిమి చేరినా చంపేది లోపల ఏమీ లేదు. సీలు వేసి అమ్మే ప్యాకేజీ నీళ్లకు ఐఎస్ 14543 ప్రమాణం ఉంది. ఆ అంకె, ఐఎస్ఐ గుర్తు, తయారీ తేదీ లేని వదులు మూత క్యాన్లు ఆ లెక్కలోకి రావు.

ఆర్వో అక్కర్లేదని అనడం లేదు. లోతు బోర్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినచోట, నైట్రేట్ 45 దాటినచోట అది కావాలి. కాచితే అవి పోవు, ఇంకా చిక్కబడతాయి. అవి ఉన్నాయో లేదో ప్రయోగశాలలోనే చూపించుకోవాలి.

క్యాను వాడేటట్లయితే డిస్పెన్సరు మీద బోర్లించేముందు క్యాను మెడ కడగండి. డిస్పెన్సరు లోపలి గిన్నెను, కుళాయిని పదిహేను రోజులకోసారి శుభ్రం చేయండి. పై జవాబులో చెప్పిన 30 గ్రాముల పౌడర్ తేట లీటరు నీళ్లకు 10 మి.లీ. కలిపి, అన్ని మూలలా తగిలేలా ఆడించి, అరగంట ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు. క్యాను ఎండలో పెట్టకండి, పాచి పడుతుంది.

ప్రశ్న: మొన్నటి వానకు వీధి నీళ్లు మా సంపులోకి వచ్చాయి. మొత్తం తోడేసి కడుగుదామనుకుంటున్నాం. ఎలా చేయాలి?
— ఎం.ఆర్.పల్లి, తిరుపతి

ముందు తోడకండి. చుట్టూ భూమిలో నీళ్లు ఎంత పైకి ఉన్నాయో చూడండి. 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి కృష్ణానగర్‌లో ఒక ఇంట్లో శుభ్రం చేస్తుండగానే సిమెంటు వరల సంపు భూమిలోంచి పైకి లేచింది. అప్పట్లో ఊరంతా వింతగా చూసింది గానీ కారణం మామూలుదే. నేల నీళ్లతో నిండి ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే, నిలిపి ఉంచే బరువు పోయి, కింది నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. లేవకపోయినా అడుగు బీటలివ్వచ్చు. పక్కన బావిలోనో, పునాది గుంతలోనో నీటిమట్టం సంపు అడుగుకంటే పైన ఉంటే అది దిగేదాకా ఆగండి. అప్పటిదాకా సంపు నీళ్లు తాగడానికి, వంటకు, పళ్లు తోముకోడానికి వాడొద్దు.

నేలలో నీళ్లు తగ్గాక మోటారుతో తోడి, మూత తీసి కొన్ని గంటలు గాలి ఆడనివ్వండి. దిగేవాళ్లకు తాడు కట్టి పైన ఇద్దరుండాలి. ఒంటరిగా ఎవర్నీ దింపకండి. పెట్రోలు ఇంజను లోపల పెడితే దాని పొగకు మనిషి నిమిషాల్లో పడిపోతాడు. బురద ఎత్తి, గోడలు బ్రష్‌తో తోమి, 10 లీటర్ల బక్కెట్టుకు 6 గ్రాముల పౌడర్ కలిపిన తేటతో కడిగి, ఆ నీళ్లూ తోడేయండి. తర్వాత నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల పౌడర్ చొప్పున తేట కలపండి. 5 వేల లీటర్ల సంపుకు 750 గ్రాములు. ఆ నీళ్లనే మిద్దె ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, మూసి, రాత్రంతా ఉంచండి. ఇలా చేస్తే ఇంటి పైపులూ శుభ్రమవుతాయి. ఫిల్టరు యంత్రానికి పోయే లైను మాత్రం ముందే కట్టేయండి. తెల్లారి మొత్తం పారబోసి మంచినీళ్లు నింపండి. ఆ ఘాటు నీళ్లు చెట్లకు, చెరువుకు పోనీయకండి.

సంపు మూత నేలమట్టానికి ఉంటే ఏటా ఇదే తంతు. చుట్టూ అడుగెత్తు గట్టు కట్టించి, అంచు కిందికి వంగి కప్పే మూత పెట్టండి.

ప్రశ్న: మా పెరట్లో చేదబావి ఉంది. వానలకు నీళ్లు పైకొచ్చాయి. వాడుకోవచ్చా?
— రైతు, గంగాధర నెల్లూరు మండలం

వానకు పైకొచ్చిన నీళ్లు పైమట్టి నుంచి ఊరినవి. మరుగుదొడ్డి గుంత, పశువుల కొట్టం దగ్గరుంటే అనుమానించాల్సిందే. మొదట బావిలో ఎన్ని నీళ్లున్నాయో లెక్కగట్టండి. బావి అడ్డం కొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు. ఒకటిన్నర మీటర్ల అడ్డం, 4 మీటర్ల నీళ్లుంటే సుమారు 7 వేల లీటర్లు. తేట నీళ్లయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల పౌడర్ నుంచి మొదలుపెట్టొచ్చు. మసకగా ఉంటే నాలుగైదు రెట్లు పట్టొచ్చు. పైన చెప్పిన బక్కెట్ల పరీక్షే సరైన అంకె చెబుతుంది. తేటను చేదలో పోసి, బావి అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడిస్తూ కలపండి. గంట తర్వాత పరీక్షించి తోడుకోండి. రాత్రిపూట చేస్తే అందరికీ వీలు.

రోజూ చేయలేమంటే నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన జోడు కుండల పద్ధతి ఉంది. కిలో పౌడర్, రెండు కిలోల ముతక ఇసుక కొంచెం తడిపి కలిపి, పైభాగంలో సెంటీమీటరు రంధ్రం ఉన్న చిన్న కుండలో రంధ్రానికి 3 సెంటీమీటర్ల కింది దాకా నింపాలి. దాన్ని, అడుగుకు 4 సెంటీమీటర్ల పైన రంధ్రం ఉన్న పెద్ద కుండలో దింపి, మూతికి ప్లాస్టిక్ కాగితం కట్టి, నీటిమట్టానికి మీటరు కింద వేలాడదీయాలి. నాలుగున్నర వేల లీటర్ల బావిలో రోజుకు 400 లీటర్ల దాకా తోడుకుంటే రెండు మూడు వారాలు పనిచేస్తుంది. ఇసుక లేకుండా ఒట్టి పౌడర్ పెడితే గడ్డకట్టి మొరాయిస్తుంది.

ప్రశ్న: మా వీధిలో నలుగురికి కామెర్లు. నీళ్లు పరీక్ష చేయిస్తే బాగున్నాయన్నారు. మరి ఎలా వచ్చింది?
— అంగన్‌వాడీ కార్యకర్త, చంద్రగిరి మండలం

నీళ్లతో వచ్చే కామెర్లు హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లవి. ‘ఏ’ బయటపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ‘ఈ’కి రెండు నుంచి పది వారాలు పడుతుంది. మీరు పరీక్షించింది ఈనాటి నీళ్లు, వాళ్లు తాగింది నెల కిందటివి. ఆ రోజుల్లో పైపు పగిలిందా, మురుగు పొంగిందా, ట్యాంకరు నీళ్లు తాగారా, పెళ్లి భోజనం చేశారా అని నలుగురినీ విడివిడిగా అడిగి రాసుకోండి. నలుగురికీ కలిసే చోటు దొరుకుతుంది. వెంటనే ఏఎన్ఎం ద్వారా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలపండి.

నమూనా మళ్లీ తీసేటప్పుడు జాగ్రత్త. కుళాయి మూతి తుడిచి, మంటతో కాల్చి లేదా స్పిరిట్ పూసి, రెండు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టాలి. ప్లాస్టిక్ కుళాయి అయితే స్పిరిట్టే. ప్రయోగశాల ఇచ్చే సీసా లోపల క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది, దాన్ని కడగకూడదు. మంచులో పెట్టి 24 గంటల్లోపు చేర్చాలి. వంద మిల్లీలీటర్లలో ఈ-కోలి (మలంలో ఉండే క్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు. నల్లబడే సీసా పరీక్ష మీ ఊళ్లో శిక్షణ పొందిన మహిళలే చేయగలరు. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించి ప్రయోగశాలకు పంపాలి.

వీధిలో గర్భిణులుంటే ముందు వాళ్లను చూడండి. హెపటైటిస్ ‘ఈ’ చివరి మూడు నెలల్లో వస్తే 20 నుంచి 25 శాతం దాకా ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కళ్లు పచ్చబడ్డ గర్భిణిని పసరు మందుకు తీసుకెళ్లి ఒక్క రోజు కూడా పోగొట్టకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: రాగి బిందెలో రాత్రంతా ఉంచితే క్రిములు చస్తాయంటారు. నిజమేనా?
— శ్రీకాళహస్తి

కొన్ని బాక్టీరియాలు తగ్గుతాయి, అది నిజమే. మురుగు కలిసిన నీళ్లకు మాత్రం దాని మీద ఆధారపడకండి. క్లోరిన్ వేయడానికో కాచడానికో బదులు కాదు. మజ్జిగ, చింతపండు రసం అందులో నిలవ పెట్టకండి, రాగి ఎక్కువగా కరుగుతుంది.

ప్రశ్న: పాపకు విరేచనాలు. ఓఆర్ఎస్ ప్యాకెట్ సగం ఒక గ్లాసులో కలిపి ఇస్తున్నాం. సరైనదేనా?
— పలమనేరు

కాదు, వెంటనే మానండి. పెద్ద ప్యాకెట్, అంటే 20.5 గ్రాములది, సరిగ్గా లీటరు నీళ్లకు లెక్కగట్టింది. తక్కువ నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై పాపకు ప్రమాదం, విరేచనాలు కూడా పెరగొచ్చు. మొత్తం ప్యాకెట్ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇవ్వండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. తల్లిపాలు ఆపవద్దు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. జింకు మాత్ర ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10, మొత్తం 14 రోజులు. విరేచనం ఆగిందని మధ్యలో మానకూడదు. కళ్లు లోపలికి పోయినా, పొట్ట చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, తాగలేకపోతున్నా, రక్తం పడినా ఆసుపత్రికి పరుగెత్తండి.

ప్రశ్న: గంగమ్మ జాతరకు ఏటా చలివేంద్రం పెడతాం. నీళ్ల విషయంలో ఏం చూసుకోవాలి?
— యువజన సంఘం, తిరుపతి

నీళ్లు ఎక్కడివో ముందే తేల్చుకోండి. తెలియని బోరు నీళ్ల ట్యాంకరు వద్దు. మూత, కుళాయి ఉన్న 200 లీటర్ల డ్రమ్ములో నింపి, పైన చెప్పిన లీటరుకు 30 గ్రాముల పౌడర్ తేట 40 మి.లీ. కలిపి, అరగంట తర్వాత పరీక్షించి 0.5 ఉంటేనే పంచండి. లేకపోతే ఇంకో 20 మి.లీ. వేసి మళ్లీ అరగంట ఆగండి. చల్లదనం కోసం మట్టికుండల్లోకి మార్చితే క్లోరిన్ త్వరగా పోతుంది. అందుకే కుండల్ని సగమే నింపి గంటగంటకూ మారుస్తుండాలి. నిన్నటి మిగులు మీద ఈరోజు నీళ్లు పోయకండి. కుండలో గ్లాసు ముంచనీయకండి, ఒక మనిషే పొడుగు కాడ గరిటెతో వంచాలి. మజ్జిగలో వేసే మంచుగడ్డ చాలా ఫ్యాక్టరీల్లో తినడానికి చేసింది కాదు, గోనె పట్టాల మీద, నేల మీద ఈడ్చినది. మజ్జిగ గిన్నెను మంచులో పెట్టండి, మంచును మజ్జిగలో వేయకండి.